లిమిటెడ్ కంపెనీ అప్పులకు నా ఇల్లు పోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. పన్నెండేళ్లుగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. మూడేళ్ల కిందట ఒక స్నేహితుడితో కలిసి లిమిటెడ్ కంపెనీ పెట్టి బిర్యానీ టేక్‌అవే తెరిచాను. చెరి సగం షేర్లు, ఇద్దరం డైరెక్టర్లం. ఆరు నెలలుగా బేరాల్లేవు. షాపు అద్దె, వ్యాట్, బియ్యం, మాంసం బిల్లులు బాకీ పడ్డాయి. లీజు రాసుకున్నప్పుడు షాపు ఓనరు మా ఇద్దరితో షూరిటీ కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. మాంసం వేసే అతనితో నేను ఫోన్లో "కంపెనీ కట్టకపోతే నేను కడతాలే" అన్నాను. ఖాతాలో ఉన్న డబ్బుతో ముందు మా బావమరిది కంపెనీకి అప్పిచ్చిన 15,000 పౌండ్లు తీర్చేసి, ఈ కంపెనీని మూసేసి, పేరు కాస్త మార్చి కొత్తది పెడదామని స్నేహితుడు అంటున్నాడు. లిమిటెడ్ కాబట్టి ఇక్కడి ఇంటికీ, గుంటూరులో నా పేరున ఉన్న ఇంటికీ ఏమీ కాదంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెబుతాను.

ఆరన్ సాలమన్ అని లండన్‌లో తోలు బూట్లు చేయించే వ్యాపారి ఉండేవాడు. 1892లో తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. అప్పట్లో కంపెనీకి ఏడుగురు సభ్యులు ఉండాలి. భార్యకు, కూతురికి, నలుగురు కొడుకులకు తలో షేరు రాసి లెక్క సరిపెట్టాడు, మిగతా షేర్లన్నీ తనవే. కొద్దికాలానికే కంపెనీ మునిగింది. "ఇది పేరుకే కంపెనీ, అసలు మనిషి సాలమనే, బాకీలు అతనే కట్టాలి" అని లిక్విడేటర్, అంటే మునిగిన కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచే అధికారి, వాదించాడు. కింది కోర్టులు ఒప్పుకున్నాయి. 1896లో అప్పటి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం కాదంది. చట్టప్రకారం రిజిస్టరయిన కంపెనీ వేరు, దాన్ని నడిపే మనిషి వేరు, ఒకరి బాకీ ఇంకొకరిది కాదు అని తేల్చింది. ఇంగ్లండ్ కంపెనీ చట్టమంతా ఈరోజుకీ ఆ తీర్పు మీదే నడుస్తోంది. కాబట్టి బియ్యం బిల్లు, వ్యాట్ బాకీ మామూలుగా కంపెనీవే, మీవి కావు.

చిక్కేమిటంటే, కంపెనీ అనే ప్రహరీ గోడ కట్టుకుని గేటు తాళం మీరే షాపు ఓనరు చేతికిచ్చారు. షూరిటీ కాగితం అంటే అదే. కంపెనీ అద్దె కట్టకపోతే మీ సొంత డబ్బుతో కడతామని మీరు రాసిచ్చారు. ఆ కాగితం నేను చూడలేదు గానీ, ఇలాంటివి సాధారణంగా "ఇద్దరూ కలిసి గానీ, విడివిడిగా గానీ" బాధ్యులని రాస్తారు. అంటే సగం సగం అని కాదు, ఓనరు మొత్తం మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. మీ వాటాకు మించి కట్టింది స్నేహితుడి దగ్గర రాబట్టుకోవడం మీ తిప్పలు. ఓనరు కోర్టులో గెలిచి డబ్బు రాకపోతే, మీ ఇంటి వాటా మీద చార్జింగ్ ఆర్డర్ (ఇంటిని ఆ బాకీకి తనఖాలా కట్టేసే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుని, తర్వాత అమ్మకానికి కూడా అడగవచ్చు. ఇల్లు మీ ఇద్దరి పేరునా ఉంటే మీ భార్య వాటా ఆమెదే.

గుంటూరు ఇల్లు సముద్రాలవతల ఉందని ధీమా వద్దు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 44ఏ సెక్షన్ ఉంది. ఇంగ్లండ్ హైకోర్టు ఇచ్చిన డబ్బు డిక్రీని మన జిల్లా కోర్టులో దాఖలు చేసి, అక్కడి డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. అభ్యంతరాలకు 13వ సెక్షన్‌లో కొన్ని దారులున్నాయి, అంతే.

ఇక ఫోన్లో ఇచ్చిన మాట. ఇక్కడ మీకు 1677 నాటి చట్టమొకటి అక్కరకొస్తుంది. స్టాట్యూట్ ఆఫ్ ఫ్రాడ్స్ అని దాని పేరు, ఇప్పటికీ అమల్లో ఉంది. ఇంకొకరి బాకీకి ఇచ్చే హామీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటే తప్ప కోర్టులో చెల్లదు. మన 1872 కాంట్రాక్టు చట్టం అలా కాదు, నోటిమాట హామీ కూడా చెల్లుతుందని 126వ సెక్షన్‌లోనే ఉంది. అయితే రెండు జాగ్రత్తలు. "సరుకు నా లెక్కలో రాసుకో, నేనే కడతా" అని ఉంటే అది హామీ కాదు, మీ సొంత బాకీయే, దానికి రాత అక్కర్లేదు. రెండోది, ఆ మాటనే తర్వాత ఈమెయిల్లో రాసి కింద మీ పేరు టైపు చేసి ఉంటే, అది సంతకం కిందే లెక్కని ఇంగ్లండ్ కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. పాత మెయిళ్లన్నీ ఒకసారి తిరగేయండి. ఇప్పుడు మొహమాటానికి కొత్తగా ఏమీ రాయకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది బావమరిది సంగతి. ఇంటివాళ్ల బాకీ ముందు తీర్చడం మనకు పరువు. ఇంగ్లండ్ దివాలా చట్టానికి అది నేరుగా అనుమానం. కంపెనీ బాకీలు తీర్చలేని స్థితిలో ఉండగా ఒక అప్పులవాడిని మిగతావాళ్ల కంటే మెరుగ్గా చూస్తే, దాన్ని "ప్రిఫరెన్స్" అంటారు. బయటివాళ్ల విషయంలో లిక్విడేషన్‌కు ముందు ఆరు నెలల చెల్లింపులే తవ్వుతారు. డైరెక్టర్ బంధువులైతే రెండేళ్లు, పైగా కావాలనే చేశారని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని మీరే రుజువు చేసుకోవాలి. భార్య తోబుట్టువులు కూడా 1986 ఇన్సాల్వెన్సీ చట్టం లెక్కలో బంధువులే. లిక్విడేటర్ ఆ 15,000 పౌండ్లు వెనక్కి ఇమ్మని మీ బావమరిదికే నోటీసు పంపుతాడు. మీ మీద డైరెక్టర్‌గా అనర్హత వేటు పడవచ్చు, అది రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల వరకు ఉంటుంది.

కంపెనీ గట్టెక్కే దారి లేదని తెలిశాక కూడా అప్పు మీద సరుకు తెప్పిస్తూ పోతే, అది "రాంగ్‌ఫుల్ ట్రేడింగ్", అదే ఇన్సాల్వెన్సీ చట్టం 214వ సెక్షన్. అప్పటి నుంచి పెరిగిన నష్టానికి మీ జేబులోంచి కట్టమని కోర్టు అడగవచ్చు. దివాలా అంచుకు చేరాక డైరెక్టర్లు అప్పులవాళ్ల మేలు కూడా చూడాలని 2022లో సీక్వానా కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఆ అంచులోనే ఉన్నారని నా అనుమానం.

పేరు మార్చి కొత్త కంపెనీ పెట్టడం మాట మర్చిపోండి. లిక్విడేషన్‌కు వెళ్లిన కంపెనీలో అంతకు ముందు ఏడాదిలో డైరెక్టర్‌గా ఉన్నవాళ్లు, అదే పేరు గానీ దాన్ని తలపించే పేరు గానీ ఉన్న కంపెనీని ఐదేళ్లపాటు నడపకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, కోర్టు అనుమతి అడగవచ్చు. అవేవీ లేకుండా చేస్తే నేరం, కొత్త కంపెనీ బాకీలు కూడా మీ నెత్తిన పడతాయి. పోనీ లిక్విడేషన్ లేకుండా కంపెనీలను రిజిస్టరు చేసే కంపెనీస్ హౌస్‌కు ఫారం పంపి పేరు కొట్టించేద్దామన్నా, ఏడు రోజుల్లో అప్పులవాళ్లందరికీ కాపీ ఇవ్వాలి, ఇవ్వకపోవడం కూడా నేరమే. వ్యాట్ బాకీ ఉంటే పన్నుల శాఖ ఊరుకుంటుందని నేను అనుకోను.

ఈ వారంలోనే లైసెన్స్ ఉన్న ఇన్సాల్వెన్సీ ప్రాక్టీషనర్, అంటే దివాలా వ్యవహారాలు చూసే నిపుణుడి దగ్గరికి వెళ్లండి. మీ స్నేహితుడినీ తీసుకెళ్లండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, లీజు, షూరిటీ కాగితం, బాకీల జాబితా పట్టుకెళ్లండి. డైరెక్టర్లుగా మీరిద్దరూ ఏం నిర్ణయం తీసుకున్నారో, ఎందుకో తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఓనరుతో విడిగా బేరం ఆడవచ్చు. షాపు ఖాళీ చేసి తాళాలు ఇస్తే, కొంత మొత్తానికి లీజునూ షూరిటీనీ రద్దు చేయడానికి కొందరు ఒప్పుకుంటారు. అలా ఒప్పుకుంటే రాతలో, షూరిటీ పేరెత్తి మరీ రాయించుకోండి. ఆ డబ్బు మీ సొంతం నుంచి ఇవ్వండి, కంపెనీ ఖాతాలోంచి కాదు.

బావమరిదికి మాత్రం రేపటి దాకా ఆగకుండా ఫోన్ చేయండి. డబ్బు ఇప్పుడు ఇవ్వలేననీ, ఇస్తే అతని దగ్గరికే నోటీసు వస్తుందనీ చెప్పండి. కోపం వస్తుంది, అయినా చెప్పండి.