ఎన్నారై సందేహాలు: అమ్మాయికి ఓబో ఇచ్చారు, రీడ్లు ఏవి కొనాలి?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి డాలస్ దగ్గరికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా అమ్మాయికి ఆరో తరగతి బ్యాండ్‌లో ఓబో అనే ఊదే వాయిద్యం ఇచ్చారు. వాయిద్యం స్కూలుదే కానీ రీడ్లు మాత్రం మేమే కొనుక్కోవాలట. ఆన్‌లైన్‌లో పది రీడ్ల డబ్బా దొరికే ధరకి మ్యూజిక్ షాపులో ఒక్కటే వస్తోంది. ఏది కొనాలి? మా ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు. వేసవిలో ఇండియా వెళ్తాం, అప్పుడు అక్కడ కొనుక్కోవచ్చా?

జవాబు: పది రీడ్ల డబ్బా వద్దండీ. ఇక్కడికొచ్చిన కొత్తలో ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి చూసుకుంటాం, అది తెలుసు. కానీ ఓబో విషయంలో ఆ లెక్క పనిచేయదు. రీడు బాగోకపోతే వేల డాలర్ల వాయిద్యం కూడా పలకదు. పిల్ల గట్టిగా ఊది ఊది, తలనొప్పి తెచ్చుకుని, "నాకు రావట్లేదమ్మా" అని మానేస్తుంది. మా పెద్దమ్మాయి హైస్కూల్ అయ్యేదాకా ఓబో వాయించింది. ఆ క్లాసులో మానేసిన పిల్లల్లో సగం మందికి అసలు కష్టం రీడ్లతోనే అని నా అభిప్రాయం.

రీడంటే వాయిద్యం పైకొసన పెట్టి ఊదే చిన్న ముక్క. సన్నగా చెక్కిన రెండు రెల్లు రేకుల్ని ఒక లోహపు గొట్టానికి దారంతో కట్టి దీన్ని చేస్తారు. గొట్టం అడుగున కార్కు ఉంటుంది. ఆ రెల్లు పేరు అరుండో డోనాక్స్. మన టెక్సస్‌లో రియో గ్రాండే నది ఒడ్డున అదే కలుపుమొక్కలా పెరిగి తలనొప్పి తెస్తోంది. రీడ్లు చేసేవాళ్లు మాత్రం ఎక్కువగా ఫ్రాన్స్ దక్షిణాన వార్ ప్రాంతంలో పండే రెల్లునే కోరుకుంటారు. మన నాదస్వరంలో సీవాళి కూడా ఇలాంటి జంట రీడే. విద్వాంసులు విడి సీవాళుల్ని వాయిద్యానికే దారంతో వేలాడదీసుకుని కచేరీకి వస్తారు, గమనించే ఉంటారు. ఎప్పుడు ఏది మొరాయిస్తుందో తెలియదు కాబట్టి ఆ ఏర్పాటు. మీ అమ్మాయి దగ్గర కూడా వాయించడానికి సిద్ధంగా మూడు రీడ్లు ఎప్పుడూ ఉండాలి. పది చవకవాటి కంటే మూడు మంచివి నయం.

ఆ డబ్బాతో ఇంకో చిక్కుంది. చవక రీడ్లు చాలావరకు యూరప్ పద్ధతిలో, కొసన కాస్త మేర మాత్రమే చెక్కి ఉంటాయి. ఇక్కడి టీచర్లు నేర్పేది అమెరికా పద్ధతి. అందులో చెక్కడం దారం దగ్గరి దాకా వస్తుంది. పల్చటి కొస, మధ్యలో కాస్త మందంగా గుండె, కింద రెండు వైపులా కిటికీల్లాంటి భాగాలు, వాటి మధ్య వెన్ను కనిపిస్తాయి. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో 1915 నుంచి 1954 దాకా ప్రధాన ఓబో వాయించిన మార్సెల్ టాబ్యుటో, ఆయన శిష్యుల వల్ల ఈ పద్ధతి దేశమంతా పాకింది. యూరప్ రీడు చెడ్డదని కాదు. టీచర్ చెప్పేది ఒకటి, పిల్ల నోట్లో ఉన్నది ఇంకొకటి అయితే పాఠం సాగదు.

మరి ఎక్కడ కొనాలి? ముందు ప్రైవేటు లెసన్ చెప్పే ఓబో టీచర్‌ని అడగండి. చాలామంది సొంతంగా రీడ్లు చేసి తమ విద్యార్థులకి అమ్ముతారు. అలా కాకపోతే స్వయంగా ఓబో వాయించేవాళ్లు చేతితో చేసి ఆన్‌లైన్‌లో అమ్మేవి కొనండి. ఒక్కోటి ఇరవై, ముప్పై డాలర్ల మధ్య పడుతుంది. షాపులో గొట్టంలో పెట్టి అమ్మే మెషీన్ రీడు అత్యవసరానికి ఒకటి ఉంచుకోండి, చాలు. ఆర్డర్ చేసేటప్పుడు పేరు సరిగ్గా చదవండి. ఇంగ్లిష్ హార్న్ అనే వేరే వాయిద్యపు రీడు చూడటానికి దీనికి చుట్టంలా ఉంటుంది కానీ దాని గొట్టానికి కార్కు ఉండదు, ఓబోకి పట్టదు.

గట్టిదనం మీడియం సాఫ్ట్ తీసుకోండి. మన పిల్లలు తెలివైనవాళ్లు, హార్డ్ అయితే త్వరగా నేర్చుకుంటారనుకునే తల్లిదండ్రులున్నారు. అలా ఏమీ ఉండదు. పైగా ఒకరి మీడియం ఇంకొకరి మీడియం సాఫ్ట్‌తో సమానం కావచ్చు, కొలతకి ఉమ్మడి ప్రమాణం లేదు. కాబట్టి పిల్లకి నప్పే రీడు దొరికితే ఎవరు చేశారో రాసి పెట్టుకుని వాళ్ల దగ్గరే కొనండి.

వచ్చిన రీడు మంచిదో కాదో చూడటానికి సంగీతం రానక్కర్లేదు. ముందు వెలుతురుకి అడ్డంగా పెట్టండి. కుడి ఎడమలు ఒకేలా ఉన్నాయా, రెండో వైపు తిప్పితే అదే ఆకారం ఉందా చూడండి. ఒక పక్క చీకటిగా, ఇంకో పక్క పల్చగా ఉంటే చెక్కడంలో తేడా ఉన్నట్టు. కొస చిట్లినా, అంచు విరిగినా అది పనికిరాదు. చిన్న గిన్నెలో నీళ్లు పోసి ఒకటి రెండు నిమిషాలు నానబెట్టి కొసని ఎదురుగా చూడండి. రెండు రేకుల మధ్య సందు సన్నటి కంటి ఆకారంలో కనిపించాలి. నోరు తెరుచుకున్నట్టుంటే ఊదడం కష్టం, పూర్తిగా మూసుకుపోతే గాలే పోదు.

తర్వాత అమ్మాయి చేత కింది గొట్టాన్ని వేలితో మూయించి, కొస నుంచి మెల్లగా ఊదించండి. పక్కల నుంచి బుడగలు వస్తే గాలి కారుతోందన్నమాట. అలాంటి రీడుతో కింది స్వరాలు పలకవు. దారం పైన పల్చటి పొర చుట్టి ఉంటే కంగారు పడకండి. కారకుండా చేసినవాళ్లే చుట్టి ఉంటారు.

అసలు పరీక్ష క్రో. రీడుని వాయిద్యానికి తగిలించకుండా, పెదవులు దారాన్ని తాకేదాకా నోట్లోకి తీసుకుని ఊదాలి. కాకిగోలలాగే ఉంటుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి పెట్టుకోండి. అమెరికా పద్ధతి రీడు బాగుంటే సి స్వరం పైదీ కిందదీ రెండూ కలిసి వినిపిస్తాయి. సన్నటి కీచు ఒక్కటే వస్తే రీడు ఇంకా గట్టిగా ఉన్నట్టు. సి కంటే బాగా కిందికి దిగి గరగరలాడితే మరీ మెత్తబడినట్టు. అలాంటి రీడుతో పిల్లలు శ్రుతి అందుకోవడానికి పెదవులతో కొరికి పట్టుకుంటారు, ఆ అలవాటు తర్వాత వదిలించడం కష్టం. ఆర్కెస్ట్రా మొత్తం శ్రుతి సరిచేసుకునేది ఓబో ఇచ్చే ఎ స్వరానికే కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

కొత్త రీడుని మొదటిరోజే గంటసేపు వాయించనివ్వకండి. రెండు మూడు రోజులు అయిదు పది నిమిషాల చొప్పున, తర్వాత మూడింటినీ మార్చి మార్చి వాడాలి. ఎక్కువసేపు నానితే నోరు తెరుచుకుంటుంది. అప్పుడు తడిగా ఉండగానే రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కి పట్టుకోవచ్చు. చాకు మాత్రం ముట్టుకోకండి, యూట్యూబ్ చూసి రీడు గీకే నాన్నలకి ఒక దండం. ఒక్కో రీడు పది పదిహేను గంటలు పనిచేస్తే డబ్బు గిట్టినట్టే. రోజుకి అరగంట వాయిస్తే ఒక్కటే మూడు వారాల నుంచి నెల దాకా వస్తుంది, మూడింటిని మార్చుకుంటే ఆ లెక్కన ఎక్కువ కాలం. చలికాలంలో హీటర్ల వల్ల ఎండి మూసుకుపోతాయి, ఖర్చు కాస్త పెరుగుతుంది. వసంతకాలంలో యూఐఎల్ (టెక్సస్ స్కూళ్ల మధ్య జరిగే) పోటీ ఉంటే రెండు మూడు వారాల ముందే ఆర్డర్ చేయండి. చేతితో చేసేవాళ్లకి అప్పుడు గిరాకీ ఎక్కువ.

ప్లాస్టిక్ రీడు ఉందిగా అంటారేమో. కెనడా కంపెనీ లెజేర్ చేసే సింథటిక్ రీడ్లు నిజంగా పలుకుతాయి, నానబెట్టే పనీ లేదు. కానీ ధర వంద డాలర్లు దాటుతుంది. కొరికే వయసు పిల్లకి ఇప్పుడే వద్దు, టీచర్ చెప్పినప్పుడు చూడండి.

ఇండియాలో కొనుక్కోవచ్చని మాత్రం ధీమాగా ఉండకండి, వెళ్లేటప్పుడే సరిపడా తీసుకెళ్లండి. రీడు పెట్టె హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకోండి. వానాకాలపు తేమకి బూజు పడుతుంది కాబట్టి వాయించాక నీళ్లు విదిల్చి, కాసేపు ఆరబెట్టి, గాలి ఆడే పెట్టెలో పెట్టాలి. షాపువాళ్లు ఇచ్చే మూత బిగించిన గొట్టాల్లో తడి రీడు పెడితే వారం తిరక్కుండానే పారేయాల్సి వస్తుంది.