ఆ పద్దెనిమిది రోజులే మీ కేసు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. 2024 మార్చి 11న నెల్లూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నాన్నకు నడుము దగ్గర వెన్నుపూసకు స్క్రూలు, రాడ్లు వేశారు. ఏప్రిల్ 2 నుంచి కుట్ల దగ్గర చీము. కట్టు మార్చి, మాత్రలిచ్చి పంపేవారు. 20న మళ్లీ కోసి కడిగారు. తగ్గలేదు. అక్టోబరులో చెన్నైలో స్క్రూలన్నీ తీసి మళ్లీ ఆపరేషన్ చేశారు. ఎకరన్నర అమ్ముకున్నాం. స్కాన్ల ఒరిజినల్ ఫిల్ములు రసీదు లేకుండా నెల్లూరులోనే వదిలేసి వచ్చాం. ఇప్పుడు నెల్లూరు ఆసుపత్రి వాళ్లు 2 లక్షలిస్తాం, సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా? పోలీసు కేసు పెట్టమంటారా?

జవాబు: ఎకరన్నర సంగతి పరిహారం లెక్కకు పనికొస్తుంది, తప్పు రుజువుకు కాదు. ఆపరేషన్ ఫెయిలవడం, ఇన్‌ఫెక్షన్ రావడం వాటంతటవే నిర్లక్ష్యం కావు. మీ కేసు నిలిచినా పడినా ఏప్రిల్ 2 నుంచి 20 దాకా ఆ 18 రోజుల మీదే. చీమును కల్చర్‌కు, అంటే ఏ క్రిమో తేల్చే ల్యాబు పరీక్షకు, పంపారా? ఇన్‌ఫెక్షన్ జాడ చెప్పే సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రక్తపరీక్షలు చేయించారా? ఎమ్మారై తీశారా? శాంపిల్ తీయకుండా యాంటీబయాటిక్ మొదలెడితే తర్వాత క్రిమి దొరక్కపోవచ్చు. లోహం మీద పొరలా పట్టిన క్రిమి మాత్రలకు ఓ పట్టాన లొంగదు. చెన్నైలో తీసిన స్క్రూల, కణజాలం కల్చర్ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు మీకు ప్రాణం. అక్కడి డాక్టరును ‘వాళ్లదే తప్పు’ అని రాసిమ్మని అడక్కండి, రాయరు. ఆయన కళ్లతో చూసింది నోట్సులో ఉంటే చాలు.

ఒరిజినల్ ఫిల్ములు రసీదు లేకుండా నెల్లూరులోనే వదిలేసి వచ్చామని రాశారు. అదేం పని? రేపే నాన్న సంతకంతో మొత్తం కేస్ షీటు అడుగుతూ అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డు 72 గంటల్లో ఇవ్వాలి. చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి కూడా. నర్సింగ్ చార్టు, కట్టు మార్చిన నమోదులు, వేసిన స్క్రూలు, రాడ్ల వివరాలుండే ఇంప్లాంట్ స్టిక్కర్లు పేరుపేరునా అడగండి.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, 2019 వినియోగదారుల చట్టం 69వ సెక్షన్. చెన్నై ఆపరేషన్ నుంచి లెక్కేసుకుని నిబ్బరంగా కూర్చోకండి. కడుపులో గాజుగుడ్డ మిగిలిన శ్రీఖండే కేసులో, నొప్పి మొదటినుంచీ ఉన్నా రోగి ఏళ్లపాటు ఆ డాక్టరు దగ్గరికి వెళ్లలేదని 2010లో సుప్రీంకోర్టు ఫిర్యాదును గడువు దాటినట్టే తేల్చింది. మీకు చీము మొదటినుంచీ కనబడుతూనే ఉంది. మొదటి ఆపరేషన్ నుంచే లెక్కేసి, 2026 మార్చి 10 దాటనివ్వొద్దు.

ఆ 2 లక్షల కాగితం ముట్టుకోవద్దు. ‘ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు’ అన్న ఒక్క వాక్యం కోసమే వాళ్లు డబ్బిస్తున్నారు. క్రిమినల్ కేసూ వద్దు. డాక్టర్ల మీద క్రిమినల్ కేసుల గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం ఘోర నిర్లక్ష్యం చూపాలి, అది మీ కాగితాల్లో లేదు.

నాన్న పేరుతో నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. ఫీజు మీరడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆ ఆసుపత్రికి కట్టిన సొమ్మును బట్టి. మీ బిల్లు 5 లక్షల లోపుంటే ఫీజే లేదు. వేసేముందు ఆ 18 రోజుల కాగితాలు మరో స్పైన్ సర్జన్‌కు చూపి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. ఆయనా చీము విషయంలో ఆలస్యం చేశారనే అంటే ఆసుపత్రితోపాటు ఆపరేషన్ చేసిన డాక్టరునూ ప్రతివాదిగా చేర్చండి.