దివాలా లెక్కలు చదవడం గురించి మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికాలో వ్యక్తిగత దివాలా పిటిషన్ల తీరుతెన్నులపై నెలనెలా నివేదిక రాసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. అప్పుల్లో కూరుకుపోయినవారికి సలహాలిచ్చే పనిలో చాలాకాలం గడిపినవాణ్ణి కాబట్టి, ఆ అంకెలను ఎలా చదవాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. పిటిషన్లు పెరిగితే జనం కష్టాల్లో పడ్డారనీ, తగ్గితే కుదుటపడ్డారనీ రాసేయడం చాలా సులువు, అంతే ప్రమాదం కూడా. కోర్టు లెక్కలో కనబడేది కోర్టు గడప దాకా రాగలిగినవారి సంఖ్య మాత్రమే. రావలసి ఉండీ రాలేకపోయినవారు, ఆ అవసరాన్ని ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తున్నవారు, వేరే దారి పట్టినవారు అందులో ఉండరు.

ముందుగా 2005, 2006 సంవత్సరాల అంకెలను పక్కపక్కన పెట్టుకొని చూడు. 2005లో మొత్తం పిటిషన్లు 20 లక్షలు దాటాయి. మరుసటి ఏడాది అవి సుమారు 6 లక్షల 18 వేలకు పడిపోయాయి. ఆ ఒక్క ఏడాదిలో జనం అప్పులన్నీ తీర్చేసుకున్నారని ఎవరూ అనలేరు. అసలు జరిగిందేమిటంటే, 2005 అక్టోబరు 17న కొత్త దివాలా చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, రాష్ట్ర మధ్యస్థ ఆదాయం కన్నా ఎక్కువ సంపాదించేవారు దివాలా చట్టంలోని ‘చాప్టర్ 7’ అనే విభాగం కింద నేరుగా అప్పుల మాఫీ కోరాలంటే ఆదాయ పరీక్షకు నిలవాలి. పిటిషన్ వేసే ముందు 180 రోజుల్లోపు గుర్తింపు పొందిన సంస్థ నుంచి రుణ సలహా తీసుకోవాలి. మాఫీ ఉత్తర్వుకు ముందు మరో శిక్షణ కూడా పూర్తి చేయాలి. కాగితాలు పెరిగాయి, వాటితోపాటు లాయర్ల ఫీజులూ పెరిగాయి. గడువు దాటితే కష్టమని లక్షలమంది ముందే పరుగెత్తుకొచ్చి పిటిషన్లు వేయడంతో, తరువాతి ఏడాది రావలసినవారిలో ఎంతోమంది అప్పటికే వచ్చిపోయినట్లయింది. చట్టం వల్ల వచ్చిన మార్పును ఆర్థిక పరిస్థితికి అంటగట్టకు.

2010లో పిటిషన్లు మళ్లీ సుమారు 15 లక్షల 93 వేలకు చేరాయి. అది మాత్రం ఇళ్ల ధరలు కూలి, ఉద్యోగాలు పోయిన కాలపు నిజమైన బాధ. అక్కడినుంచి ఏళ్ల తరబడి దిగుతూ వచ్చిన అంకె 2019లో సుమారు 7 లక్షల 75 వేల దగ్గర ఉండగా కోవిడ్ వచ్చింది. అంతటి విపత్తులో దివాలాలు వెల్లువెత్తుతాయని చాలామంది అనుకున్నారు. కానీ 2022 నాటికి అవి 3 లక్షల 88 వేలకు తగ్గాయి. ప్రభుత్వం ఇచ్చిన నగదు సాయం, ఇంటి రుణాల వాయిదాలకు దొరికిన వెసులుబాటు, 2020 మార్చి నుంచి 2023 శరదృతువు దాకా విద్యా రుణాల చెల్లింపులు నిలిచి ఉండడం, ఇవన్నీ కలిసి కుటుంబాలకు ఊపిరి పీల్చుకునే సందు ఇచ్చాయి. ఆ సాయాలు ఆగాక 2023లో సుమారు 4 లక్షల 53 వేలు, 2024లో సుమారు 5 లక్షల 17 వేల పిటిషన్లు దాఖలయ్యాయి. “ఏడాదిలో 14 శాతం పెరుగుదల” అని రాస్తే అబద్ధం కాదు. కానీ అదే వాక్యంలో “అయినా 2019 స్థాయికి చాలా తక్కువ” అన్న మాట లేకపోతే చదివేవాడు అనవసరంగా హడలిపోతాడు. పైగా ఇవి వ్యాపార పిటిషన్లు కూడా కలిసిన మొత్తాలు. వ్యక్తులవి విడిగా చూస్తే 2024లో సుమారు 4 లక్షల 94 వేలు. ఏ లెక్క వాడుతున్నావో ప్రతిసారీ స్పష్టంగా చెప్పు.

ఇక నెలల సంగతి. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిటిషన్లు పెరుగుతాయి. పన్ను రిఫండ్ చేతికొస్తే తప్ప లాయరు ఫీజు కట్టలేనివారు ఎంతోమంది ఉండడమే దానికి ముఖ్య కారణం. చాప్టర్ 7కు కోర్టు రుసుమే 338 డాలర్లు. లాయరుకు ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు. 2001లోనూ 2008లోనూ ప్రభుత్వం పన్ను రాయితీ చెక్కులు పంపినప్పుడు దివాలాలు తగ్గకపోగా పెరిగాయి. ఐపీ పెట్టడానికి కూడా చేతిలో డబ్బుండాలన్న ఈ చేదు నిజాన్ని నువ్వు ఏనాడూ మరవకూడదని నా కోరిక. అందుకే ఫిబ్రవరితో జనవరిని పోల్చకు. పోయిన ఏడాది ఫిబ్రవరితో పోల్చు.

చాప్టర్ 7ను, వాయిదాల్లో అప్పు తీర్చే మరో విభాగమైన చాప్టర్ 13ను ఒకే రాశిగా పోయవద్దు. మొదటిదానిలో సాధారణంగా నాలుగు నెలల్లో మాఫీ వస్తుంది. రెండవదానిలో మూడు నుంచి ఐదేళ్ల పాటు, ఆ డబ్బును అప్పులవాళ్లకు పంచే ట్రస్టీకి నెలనెలా కట్టాలి, కానీ లాయరు ఫీజును ఆ వాయిదాల్లోనే కలిపి తీర్చే వీలుంది. అలబామా, జార్జియా, టెనెసీ వంటి దక్షిణాది రాష్ట్రాల్లో చాప్టర్ 13 వాటా ఎక్కువ. ఈ ప్రణాళికల్లో చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి. మాఫీ దొరకని మనిషి ఇల్లో, కారో కాపాడుకోవడానికి మళ్లీ పిటిషన్ వేస్తాడు. నీ పట్టికలో అవి రెండు పిటిషన్లు, కుటుంబం మాత్రం ఒకటే.

కోర్టుకు రాకుండా, అప్పును బేరమాడి తగ్గిస్తామనే సెటిల్‌మెంట్ కంపెనీల వైపు వెళ్లేవారి విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఆ కంపెనీలు సాధారణంగా క్రెడిట్ కార్డు చెల్లింపులు ఆపించి, ఆ డబ్బు వేరే ఖాతాలో దాపించి, తరువాత బేరమాడతాయి. ఫోనులో సేవలమ్మే కంపెనీలు ఒక్క అప్పైనా పరిష్కరించకముందే ఫీజు తీసుకోరాదని 2010లో నిబంధన వచ్చింది. అయినా బేరం కుదిరేలోపు వడ్డీ పెరుగుతుంది, దావాలు పడతాయి, మాఫీ అయిన మొత్తాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను అడగవచ్చు. దివాలాలో మాఫీ అయిన అప్పుకు ఆ పన్ను బెడద లేదు. ఈ దారిలో విఫలమైనవారు చివరికి కోర్టుకే వస్తారు కాబట్టి, ఈనాటి పిటిషన్‌లో కనబడే బాధ ఏనాడో మొదలై ఉంటుంది.

అది కళ్లతో చూడాలంటే అమెరికా ఫెడరల్ కోర్టుల కాగితాలు ఆన్‌లైన్‌లో దొరికే ‘పేసర్’లో ఖాతా తెరిచి కొన్ని పిటిషన్లు పూర్తిగా చదువు, పేజీకి పది సెంట్లే. పిటిషన్‌తో జతచేసే పట్టికల్లో, తాకట్టు లేని అప్పుల జాబితా అయిన షెడ్యూల్ ఇ/ఎఫ్‌లో ఆసుపత్రి బిల్లు, ఆ తరువాత కార్డులు, చివర్లో జీతం మీద తీసుకున్న చిన్న అప్పు ఏ తేదీల్లో చేరాయో గమనించు. షెడ్యూల్ జెలో తిండికీ మందులకూ రాసుకున్న మొత్తాలను షెడ్యూల్ ఐలోని జీతంతో సరిచూడు. ఆర్థిక వ్యవహారాల ప్రకటనలో, గత ఏడాదిలో దావాలు, జీతం జప్తు ఉన్నాయా అన్న ప్రశ్నతో పాటు, అప్పులవాళ్లతో వ్యవహారం చక్కబెడతామన్నవారికి ఎంత చెల్లించావన్న ప్రశ్న కూడా ఉంటుంది. నేను చెప్పిన కంపెనీలు అక్కడ బయటపడతాయి. ఆ కాగితాల్లోని పేర్లు మాత్రం నీ నివేదికలోకి ఎన్నడూ రానివ్వకు.

ఇతర దేశాలతో పోల్చేటప్పుడు కూడా చట్టాన్నే ముందు చూడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో తక్కువ ఆదాయం, తక్కువ ఆస్తి ఉన్నవారి అప్పులు రద్దుచేసే రుణ ఉపశమన ఉత్తర్వుకు కట్టవలసిన 90 పౌండ్ల రుసుమును 2024 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. ఆ ఏడాది ఆ ఉత్తర్వులు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. కెనడాలో అప్పులవాళ్లతో ఒప్పందానికి పెట్టుకునే ప్రతిపాదనలే ఇప్పుడు దివాలాల కన్నా చాలా ఎక్కువ.

ఈసారి మార్చి అంకెలు రాగానే వ్యక్తులవి వేరుచేసి, చాప్టర్ 13 వాటాను రాష్ట్రాలవారీగా చూపించి, పక్కనే న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు మూడు నెలలకోసారి ఇచ్చే కార్డు బకాయిల లెక్కను పెట్టి నాకు పంపు. పైకి పంపకముందు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మామయ్య