దోసెకి రంగెయ్యి, కారం వద్దు: పిలకాయల తిండి మీద మీ ప్రశ్నలు, అక్క జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ పిలకాయల గురించే. ఎవరింట్లో చూసినా ఒకటే గొడవ, అమ్మ ఒకటి వండుద్ది, బిడ్డ ఇంకోటి అడుగుద్ది, మధ్యలో నాన్న ఫోన్ చూసుకుంటా తినేసి లేస్తాడు. నేను మొదట్నుంచీ చెప్పేది ఒకటే, పిలకాయలకని వేరే పొయ్యి వెలిగించి వేరే వంట చెయ్యబాకండి, ఇంట్లో అందరికీ చేసేదే వాళ్ళకి తగ్గట్టు కాస్త సర్దండి. ఎట్టా సర్దాలో కింద రాశాను చూడండి.

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో ఆదివారం పొద్దున కారం దోసె ఉండాల్సిందే. మా వాడికి ఐదేళ్ళు. వాళ్ళ నాన్న ప్లేట్లో ఎర్రటి దోసె చూసి అదే కావాలంటాడు, ముక్క నోట్లో పెట్టుకోంగానే ఏడుపు, చెంబెడు నీళ్ళు తాగుతాడు. పోనీ తెల్ల దోసె పోసిస్తే "ఇది చిన్నపిల్లలది, నాకొద్దు" అని తోసేస్తాడు. మొన్న ఏమన్నాడంటే "అమ్మా, నా దోసెకి రంగెయ్యి, కారం వెయ్యబాక" అన్నాడు. ఏం చెయ్యమంటారు? (కావలి నుంచి)

జవాబు: మీ వాడు అడిగింది చక్కగా కుదిరే పనే చెల్లీ! కిరాణా షాపులో బ్యాడిగి మిరపకాయలని అడగండి, కర్ణాటక రకం, ముడతలు ముడతలుగా ఉంటాయి, రంగు బాగా ఎక్కువ, ఘాటు తక్కువ. ఒక ఎనిమిది కాయలు తీసుకుని చీల్చి గింజలు దులిపేసి, గింజలు అంటుకుని ఉండే తెల్ల పొర ఉంటది చూడండి, అది కూడా గీకెయ్యండి. ఘాటు గింజల్లో ఉందనుకుంటాం గానీ ఎక్కువ ఉండేది ఆ పొరలోనే. వేడి నీళ్ళలో అరగంట నాననిచ్చి, ఒక పెద్ద ఎర్రగడ్డ, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, ఉప్పు, గోలీ అంత చింతపండు వేసి నీళ్ళు పొయ్యకుండా మెత్తంగా రుబ్బండి. ఇక్కడే అసలు కిటుకు, మీ వాడి వాటా ముందే ఒక గిన్నెలోకి తీసేసి, నానబెట్టిన మామూలు మిరపకాయలు నాలుగైదు అదే జార్‌లో వేసి ఇంకోసారి తిప్పండి, అది మీ ఆయనకి. రంగు చూస్తే రెండూ ఒకటే, ఎవరిది ఏదో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకోటి, ఈ కారంలో ఎర్రగడ్డ పచ్చిది కాబట్టి దోసె సగం కాలాక పూసి, మంట తగ్గించి, చుట్టూ నెయ్యి వేసి పచ్చివాసన పొయ్యేదాకా ఓపిగ్గా ఉంచండి. పైన పప్పుల పొడి మాత్రం మానబాకండి, పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి, జీలకర్ర, రెండు తెల్లగడ్డ రెబ్బలు, ఉప్పు వేసి కొట్టిన పొడి చల్లితే పిలకాయలు వేళ్ళు కూడా నాకుతారు. ఎప్పుడన్నా పొరపాటున కారం తగిలి ఏడిస్తే నీళ్ళు ఇవ్వబాకండి, నీళ్ళకి ఆ మంట పోదు, పాలో పెరుగో ఇవ్వండి, వెంటనే తగ్గుద్ది.

ప్రశ్న: మా నాలుగేళ్ళ వాడు గుడ్డు తినట్లేదు. "గుడ్డు తీసుకునేముందు కోడిని అడిగావా?" అంటాడు. (గూడూరు)

జవాబు: అడగలేదనే చెప్పండి అమ్మా, బిడ్డ దగ్గర అబద్ధం ఎందుకు. అంత మంచి మనసున్న పిల్లోడిని గుడ్డు కోసం బలవంతం చెయ్యక్కర్లా. పప్పు, పెరుగు, ఉడకబెట్టిన శనగలు, పెసలు రోజూ ఏదో ఒక రూపంలో పోయేట్టు చూడండి. కొన్నాళ్ళకి వాడే అడుగుతాడు, అడక్కపోయినా ఏం కాదు.

ప్రశ్న: అమ్మాయ్, సెలవులకి మనవడూ మనవరాలూ బెంగుళూరు నుంచి వచ్చారు. చేపల పులుసు పెడితే మనవరాలు "అవ్వా, దీంట్లో సూదులు ఎవరు పెట్టారు?" అంటది. వాడేమో "బోన్‌లెస్ చేప ఏ చెరువులో ఉంటది, అక్కడికి పోదాం పా" అని వాళ్ళ తాత చెయ్యి పట్టుకుని లాగతన్నాడు. నేను కొలతలు లేకుండా చేతి లెక్కన పెడతాను, మా కోడలు నేర్చుకుంటానంటది, కొలతలతో రాసి పెట్టు తల్లీ. (నెల్లూరు నుంచి ఒక అవ్వ)

జవాబు: పెద్దమ్మా, మీ చేతి లెక్కకి నా కొలతలు సాటి రావు గానీ కోడలు అడిగిందంటే రాయకుండా ఎట్టా ఉంటాను. ముందు మనవడి సంగతి. బోన్‌లెస్ చేప ఏ చెరువులోనూ లేదు గానీ వంజరం గానీ కొరమీను గానీ తెప్పించండి, నడి ముల్లు తీసేస్తే సన్న ముళ్ళ బాధ చాలా తక్కువ. శీలావతి, బొచ్చె అయితే కండ లోపలే రెండుగా చీలిన సన్న ముళ్ళు ఉంటాయి, అవి పెద్దోళ్ళకి బాగుంటాయి గానీ పిలకాయలకి వద్దు.

కేజీ చేపకి చింతపండు పెద్ద నిమ్మకాయంత, పుల్ల మామిడికాయ ఒకటి, ఎర్రగడ్డలు రెండు, టమాటాలు రెండు, పచ్చిమిర్చి నాలుగు, కారం మూడు స్పూన్లు, ధనియాల పొడి రెండు స్పూన్లు, పసుపు, ఉప్పు, నూనె 100 గ్రాములు, నువ్వుల నూనె అయితే ఇంకా మంచిది. ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి కడిగి పక్కన పెట్టుకోండి. వెడల్పు మట్టి దాకలో నూనె కాగాక ఆవాలు, పావు స్పూన్ మెంతులు, కరివేపాకు, తర్వాత ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, టమాటా మెత్తబడేదాకా మగ్గనిచ్చి పసుపు, ఉప్పు, ధనియాల పొడి, కారం మాత్రం సగమే వేసి చింతపండు పులుసు పొయ్యండి. పులుసు తెర్లి నూనె పైకి తేలేదాకా చేప వెయ్యబాకండి, తొందరపడితే నీచు వాసన నిలిచిపోద్ది. అప్పుడు టెంకతో సహా కోసిన మామిడి ముక్కలు వేసి, ఐదు నిమిషాలాగి చేప ముక్కలు పరిచి, సన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు. గరిటె అస్సలు పెట్టకూడదు, గుడ్డతో దాక అంచులు పట్టుకుని అట్టా ఇట్టా తిప్పాలి, మీకు చెప్పాలా పెద్దమ్మా, ఇది కోడలి కోసం.

చేప ఉడికాక పిలకాయల ముక్కలూ కాస్త పులుసూ వేరే గిన్నెలోకి తియ్యండి. మిగతా సగం కారం రెండు స్పూన్ల నూనెలో ఒక్క క్షణం వేడిచేసి దాకలో పోసి తిప్పండి, ఇప్పుడు ఇది మన నెల్లూరు పులుసు అయిద్ది. చివర్లో వేయించి కొట్టిన మెంతులు, జీలకర్ర పొడి ఒక స్పూన్ రెండిట్లోనూ చల్లండి, కొత్తిమీర వేసినా వెయ్యకపోయినా నాకు పట్టింపు లేదు. పులుపూ ఉప్పూ ముక్కకి బాగా పడతాయి కాబట్టి రాత్రి పెట్టిన పులుసు పొద్దునకే రుచి, అయితే మే నెల ఎండలకి రాత్రంతా బయట ఉంచబాకండి, చల్లారంగానే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున బాగా కాగనిచ్చి వడ్డించండి.

తినిపించేటప్పుడు మంచి వెలుతురులో ముక్కని వేళ్ళతో నలిపి చూసి పెట్టండి. మనవరాలు కాస్త పెద్దదైతే పక్కన కూర్చోబెట్టుకుని సూదులు ఏరి ప్లేటు అంచున పెట్టే పని ఆమెకే ఇవ్వండి, ఎవరి చేపలో ఎక్కువ సూదులున్నాయో లెక్కపెట్టుకుంటా తెలియకుండానే తినేస్తారు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తన్నా, గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్దో అరటిపండో మింగించే అలవాటు మనకుంది, అది చెయ్యబాకండి, ముల్లు ఇంకా లోపలికి దిగుద్ది. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, ఆయన చూసి తీసేస్తాడు.

ప్రశ్న: అక్కా, మాది మార్కాపురం. పలకల ఊరు గదా, ఇంట్లో బలపాలకి కొదవలేదు. మా పాప రెండో క్లాసు. అన్నం పెడితే రెండు ముద్దలకి కడుపు నిండిందంటది, బలపం కనపడితే మాత్రం కరకరా నమిలేస్తది. అడిగితే "నేను తినలా, అక్షరాలు లోపలికి పోవాలని" అంటది. నవ్వాలో కోప్పడాలో తెలియట్లా.

జవాబు: నవ్వండి చెల్లీ, ఆ మాటకి నవ్వకపోతే ఇంక దేనికి నవ్వుతాం. కోప్పడబాకండి, కొట్టబాకండి. అయితే నవ్వి ఊరుకోవద్దు. బలపాలు, మట్టి, సుద్ద తినే పిల్లల్లో చాలామందికి ఒంట్లో ఐరన్ తక్కువుంటది, అది అల్లరి కాదు, ఒంట్లో లోటు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, ఐదేళ్ళ నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 11.5 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. మందు ఎంత వాడాలో డాక్టరే చెప్పాలి, పక్కింటోళ్ళు చెప్పిన సిరప్ తెచ్చి పొయ్యబాకండి. బడిలో నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజు పాపని మానిపించబాకండి.

వంట వరకు నేను చెప్తాను. తోటకూర పప్పో గోంగూర పప్పో చేసిన రోజు పాప ముద్దలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి, ఆకుకూరలో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే ఆ పులుపు పనికొస్తది. గూడూరు నిమ్మకాయలు మనకి దొరకని రోజు ఉందా! అన్నంతో పాటు టీ మాత్రం ఇవ్వద్దు, టీ ఆ ఐరన్‌ని పట్టనివ్వదు.

కరకర నమలాలనే కోరిక ఉన్న బిడ్డకి చిమ్మిలి చేసి పెట్టండి. 200 గ్రాముల నువ్వులు కడిగి ఆరబెట్టి, సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, చల్లారాక 150 గ్రాముల బెల్లం, రెండు యాలకులు వేసి రోట్లో దంచండి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి, ఏకబిగిన తిప్పితే నూనె ఎక్కువ దిగి ముద్దయి పోద్ది. దంచేకొద్దీ నువ్వుల్లోంచి నూనె ఊరి వేళ్ళకి అంటుకుంటది, బెల్లం చిన్న చిన్న పలుకులుగా ఉండంగానే ఆపేసి ఉండలు చుట్టండి, అప్పుడే పంటి కింద కరకరలాడుద్ది. పాకం పట్టే పని లేదు. రోకలి పాపకి కూడా ఇచ్చి రెండు పోట్లు వెయ్యమనండి. బలపాలు మాత్రం బడిసంచిలో ఒకటి తప్ప ఇంట్లో ఎక్కడా కనపడనివ్వకండి.

ప్రశ్న: మా వాడు సొరకాయ కూర నోట్లో పెట్టుకుని దొడ్లోకి పోయి కోళ్ళకి ఊసి వస్తన్నాడు. కోళ్ళు బలిశాయి, వాడు సన్నబడ్డాడు. (కందుకూరు)

జవాబు: సొరకాయ తురిమి, నానబెట్టిన బియ్యం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బి అట్లు పొయ్యండి. పల్చగా కాదు, మందంగా, మూతపెట్టి రెండు వైపులా కాల్చాలి, చెనిక్కాయల చట్నీతో. అది సొరకాయ అట్టు అని చెప్పే పెట్టండి, దాచిపెట్టి తినిపించడం నాకు నచ్చదు, తెలిసిన రోజు మీ చేతి వంట మీద నమ్మకం పోద్ది.

ప్రశ్న: అక్కా, రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరికి మా వాడిని తీసుకుపోయాం. చదువు బాగా రావాలని కోరుకుని పట్టే చదువు రొట్టె పట్టుకుని తిన్నాడు. ఆ రోజు నుంచి పుస్తకం తియ్యమంటే "రొట్టె తిన్నా గదా, అదే చదువుకుంటది" అంటాడు. పైగా ఇంట్లో కూడా రొట్టెలు చెయ్యమంటాడు, తియ్యగా ఉండాలంట. (నెల్లూరు)

జవాబు: బారా షహీద్ దర్గా దగ్గర పట్టే రొట్టెకి ఒక లెక్క ఉంది గదా, కోరుకున్నది జరిగినోళ్ళు మళ్ళీ ఏడు వచ్చి అదే రొట్టె ఇంకొకళ్ళకి ఇస్తారు. "వచ్చే మొహర్రానికి నువ్వు కూడా చదువు రొట్టె ఇవ్వాలి నాయనా, మార్కులు రాకపోతే ఏం చెప్పి ఇస్తావు?" అని అడగండి, వాడే ఆలోచించుకుంటాడు.

తియ్య రొట్టెలు నేను చేసే పద్ధతి చెప్తాను. రెండు గ్లాసుల గోధుమ పిండికి అర గ్లాసు బెల్లం తురుము, ముప్పావు గ్లాసు వేడి నీళ్ళలో కరిగించి వడకట్టండి. పిండిలో చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, రెండు స్పూన్ల నెయ్యి వేసి, ఆ బెల్లం నీళ్ళు కొద్దికొద్దిగా పోసుకుంటా కలపండి, ఒకేసారి పొయ్యబాకండి, బెల్లం పిండి తొందరగా జారిపోద్ది. ఇరవై నిమిషాలు నాననిచ్చి చపాతీ కన్నా కాస్త మందంగా ఒత్తి సన్న మంట మీదే కాల్చండి, మంట ఎక్కువైతే బెల్లం మాడి చేదొస్తది. ఒత్తేటప్పుడు వాడికీ ఒక ఉండ ఇవ్వండి. ఆ రొట్టె ఏ వంకర్లో వచ్చినా సరే కాల్చి నెయ్యి రాసి వాడి ప్లేట్లోనే వెయ్యండి, మీరు ఒత్తిన గుండ్రటివి మీరు తినండి.