పాత కలపతో పని పెట్టుకుంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

చంద్రపూర్‌లో షెడ్డు మాట్లాడుకున్నావని, పాత కలపతో ఫర్నిచర్ చేసి అమ్ముతావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. నువ్వు అడక్కపోయినా రాసేవాణ్ణే, ఎందుకంటే ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఒకేచోట దెబ్బతింటారు, కలప చేతికి రాగానే కోసేస్తారు.

కోయకు. మన సిరొంచ వైపు పెంకుటిల్లు విప్పి స్లాబ్ వేసేవాళ్లు టేకు దూలాలను, వాసాలను, దర్వాజాలను పొయ్యిలోకి నరికించేస్తున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దూలం దొరికితే ముందు దూలంగానే ఎవరికైనా పనికొస్తుందేమో కనుక్కో. లేదంటే బల్ల పైచెక్క, అదీ కాకపోతే కిటికీ చట్రం, ఆ తర్వాతే పీటలు, గూళ్లు. మిగిలిన పొట్టు అన్నిటికంటే చివర. వస్తువును పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకోవడాన్ని సర్క్యులర్ ఎకానమీ అని మీరంతా అంటున్నారే, దాంట్లో అసలు పట్టు ఈ వరుసలోనే ఉంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే, కాల్చేస్తే ఆ రోజే గాలిలో కలుస్తుంది, బల్లగా ఉన్నన్నాళ్లు బల్లలోనే ఉంటుంది.

ఇక కొనేటప్పుడు. చెక్క మీద సన్నని చిల్లులుంటే భయపడిపోకు, కింద ఒక కాగితం పరిచి చెక్కను గట్టిగా తట్టు, మెత్తటి తెల్లటి పిండి కొత్తగా రాలితే లోపల పురుగు బతికే ఉంది, ఆ చెక్కను మిగతా సరుకు దగ్గరికి రానీయకు. చిల్లులు పాతవై, ఏమీ రాలకపోతే పైపైన రందా పట్టి చేవ ఎంతుందో చూసుకో. వరదలో నానిన కలపైతే తొందరపడొద్దు. 2022 జూలైలో గోదావరి వరద వచ్చినప్పుడు మన తాలూకాలో ఎంత కలప నానిందో నీకు తెలుసు, అలాంటిదాన్ని మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి, గాలి ఆడే నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి, ఎండలో పడేస్తే వంకర్లు పోతుంది.

అసలు కష్టమంతా మేకుల దగ్గరే. తుప్పు పట్టిన మేకు తల ఊడిపోయి ఒళ్లు లోపలే ఉండిపోతుంది, పైకి చిన్న నల్ల మచ్చ తప్ప ఏమీ కనబడదు. అందుకే రంపం పెట్టే ముందు పెద్ద అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క పొడవునా నెమ్మదిగా నడిపించు, ఎక్కడ అది చెక్కవైపు లాగితే అక్కడ సుద్దతో గీత గియ్యి. మేకులు పీకడానికి పట్టిన కూలీని ధరలో వేసుకో. పాత చెక్కే కదా అని తక్కువకు అడిగేవాళ్లకు ఇవ్వకు. ఏళ్ల తరబడి ఆరిన టేకు కొత్తదాని కంటే తక్కువగా ఉబ్బుతుంది, తక్కువగా కుంచించుకుపోతుంది, అతుకులు నిలుస్తాయి.

పాత రంగున్న తలుపుల్ని పొడిగా గీకవద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదనే రూలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన పూతలో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? తడిపి గీకు, మాస్కు తియ్యకు, పిల్లల్ని షెడ్డులోకి రానీయకు. రంగు లేని చెక్క పొడి కూడా ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు లోపల క్యాన్సర్ తెస్తుందని డాక్టర్లు తేల్చారు. రంగు చెక్క పొట్టును, ప్లైవుడ్ ముక్కల్ని మామూలు పొట్టులో కలిపి పొయ్యికి ఎవరికీ ఇవ్వకు. రంగు తగలని పొట్టును బ్రికెట్లు, అంటే పొట్టును గట్టిగా నొక్కి పొయ్యి దిమ్మలు చేసేవాళ్లు కొంటారు.

ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చి మోసే చెక్క చట్రాలు కొంటే వాటి మీది ముద్ర చూడు. గోధుమ కంకి బొమ్మ పక్కన హెచ్‌టీ అని ఉంటే పురుగు చావడానికి వేడి పెట్టింది, ఇంట్లో వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, దాన్ని వదిలెయ్యి. బల్లార్షా వైపు పాత రైల్వే స్లీపర్లు చవగ్గా వస్తాయని ఎవరైనా ఆశపెట్టినా సరే, కుళ్లకుండా పట్టించే క్రియోసోట్ అనే విషపు తారు నూనె ఉన్న ఆ చెక్కను వంటింట్లోకి, మంచాల్లోకి తేవద్దు.

కాగితాల సంగతి మాత్రం ముందే చూసుకో. పాతదైనా టేకు టేకే, చెక్‌పోస్టులో లారీ ఆపితే ఇల్లు విప్పిన కలపని నోటితో చెబితే నమ్మరు. ఇల్లు విప్పకముందే ఫొటోలు తీసుకుని, ఇంటి యజమాని చేత రాయించుకుని, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఏ పర్మిట్ కావాలో అడిగాకే బండి కదిలించు.

మా వీధి చివర పాత ఇల్లు దీపావళి తర్వాత విప్పుతారట, యజమానితో నేను మాట్లాడి పెడతాను. నువ్వు అయస్కాంతం, టేపు పట్టుకుని ఒకరోజు ముందే రా, ఏ దూలం దూలంగానే ఉంచాలో పైకప్పు మీదున్నప్పుడే చూసుకుందాం.

మీ మామ