పాత కంప్యూటర్లు నడుస్తున్నంత కాలం ఖర్చు వాయిదా వేయవచ్చా?

ప్రశ్న: ఖాతాల నిర్వహణ, జీతాల పట్టీల తయారీ వంటి సేవలు అందించే చిన్న సంస్థను నడుపుతున్నాను. మా కార్యాలయంలో 12 కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో 5 ఇప్పటికీ విండోస్ 7 మీద, మిగిలిన 7 విండోస్ 10 మీద పనిచేస్తున్నాయి. ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. సంస్థ ఖాతాలో మూడు నెలల ఖర్చులకు సరిపడా నిల్వ ఉంది, నెలనెలా కొంత మిగులుతోంది కూడా. ఈ నిల్వకు ఇంటిని తాకట్టు పెట్టి తీసుకునే అప్పును జోడించి రెండో కార్యాలయం తెరవాలనుకుంటున్నాను. కంప్యూటర్ల సంగతి రెండేళ్ల తర్వాత చూసుకోవచ్చని, అంతవరకు సైబర్ బీమా (కంప్యూటర్ల మీద జరిగే దాడుల నష్టానికి పరిహారమిచ్చే బీమా) ఒకటి తీసుకుంటే చాలని నా అభిప్రాయం. మరీ తప్పకపోతే క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కంప్యూటర్లు కొంటాను. ఈ ప్రణాళిక సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. అత్యవసర నిధిని ఖాళీ చేయడం, ఇంటిని తాకట్టు పెట్టడం, కాలం చెల్లిన ఆపరేటింగ్ సిస్టమ్‌లతో రెండేళ్లు నెట్టుకురావడం అనే మూడు నిర్ణయాల్లో ఏ ఒక్కటైనా ప్రమాదకరమే. మీరు మూడింటినీ ఒకేసారి తీసుకోబోతున్నారు. మీ ప్రశ్నకు వివరంగా జవాబిస్తున్నది ఈ పొరపాటు మీ ఒక్కరిదే కానందువల్ల. చిన్న వ్యాపారాలు నడిపేవారిలో చాలామంది కొత్త కంప్యూటరు ధరను లెక్క వేస్తారు గానీ, పాతదాన్ని కొనసాగించడానికి అయ్యే ఖర్చు సున్నా అనుకుంటారు. ఆ ఖర్చు ఖాతా పుస్తకంలో కనిపించదు. బయటపడే రోజున మాత్రం మొత్తంగా అత్యవసర నిధి మీదే పడుతుంది.

విండోస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే భద్రతా లోపాలను పూడ్చే సవరణలు, 2020 జనవరి 14తో ఆగిపోయాయి. డబ్బు చెల్లించి పొడిగించుకున్న సంస్థలకు కూడా ఆ గడువు 2023 జనవరి 10తో ముగిసింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ఉచిత మద్దతు ముగిసింది. ఆ తేదీ దాటాక కంప్యూటరు యథాప్రకారం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి యజమానికి తేడా తెలియదు. తేడా తెలిసేది దాడి చేసేవారికి. కొత్త వెర్షన్లకు ప్రతి నెలా విడుదలయ్యే అప్‌డేట్లను వారు విడదీసి చూసి, ఏ లోపాన్ని సరిచేశారో పట్టుకుంటారు. పాత, కొత్త వెర్షన్ల మధ్య ఉమ్మడి కోడ్ చాలా ఉంటుంది కాబట్టి, ఆ లోపాల్లో కొన్ని పాత వెర్షన్‌లో కూడా ఉంటాయి, అక్కడ వాటిని ఎవరూ పూడ్చరు. అంటే మద్దతు ముగిసిన తర్వాత గడిచే ప్రతి నెలా ప్రమాదం పెరుగుతుందే గానీ ఉన్నచోటే ఉండదు. ఇంతవరకు ఏమీ జరగలేదన్న మీ మాట గడచిన నెలల గురించి మాత్రమే చెబుతుంది.

కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగిన వానాక్రై దాడి 2017 మే 12న మొదలైంది. దాన్ని ప్రతి వ్యాపార యజమాని ఆర్థిక కోణంలో చూడాలని నా కోరిక. అది ఉపయోగించుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే, అప్‌డేట్ విడుదల చేసింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లు, మద్దతు ముగిసిపోయినవి బలయ్యాయి. ఒక యంత్రంలోకి చొరబడిన ఆ ప్రోగ్రాం, ఎవరూ ఏమీ నొక్కకపోయినా, అదే నెట్‌వర్క్‌లోని ఇతర యంత్రాలకు తనంతట తానే పాకింది. మీ 12 కంప్యూటర్లలో 5 పాతవైతే మిగతా 7 సురక్షితమని అనుకోకూడదనడానికి కారణం ఇదే. దాడి చేసినవారు అడిగిన మొత్తం ఒక్కో కంప్యూటరుకు 300 డాలర్లు. ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ అందులో ఒక్క పౌండు కూడా చెల్లించలేదు. అయినా 19,000కు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని, మొత్తం నష్టం 9.2 కోట్ల పౌండ్లని ఆ దేశ అధికారిక అంచనాలు తేల్చాయి. అందులో ఎక్కువ భాగం దాడి తర్వాత వ్యవస్థలను చక్కదిద్దడానికి అయిన ఖర్చే. యజమానులు సాధారణంగా భయపడేది దొంగ అడిగే డబ్బుకు. వ్యాపారాన్ని కుంగదీసేది పని నిలిచిపోవడం.

మీ విషయంలో పని నిలిచిపోతే ఏమవుతుందో చూద్దాం. మీది ఖాతాల నిర్వహణ. ఖాతాదారుల లెక్కలతో పాటు వారికి మీరు పంపవలసిన బిల్లులు కూడా ఆ కంప్యూటర్లలోనే ఉంటాయి. మూడు వారాలు కార్యాలయం స్తంభిస్తే ఆ మూడు వారాల ఆదాయం మాత్రమే పోతుందనుకోవడం తప్పు. బిల్లులు ఆలస్యమవుతాయి కాబట్టి వసూళ్లు ఆ తర్వాతి రెండు నెలల్లో కూడా తగ్గుతాయి. ఖాతాదారులకు జీతాల గడువు తప్పితే కొందరు మీ నుంచి వెళ్లిపోతారు. ఇటువైపు మీ సిబ్బంది జీతాలు, అద్దె, వాయిదాలు మాత్రం ఏ నెల గడువు ఆ నెలలోనే తీర్చాలి. వీటికి తోడు నిపుణుల రుసుములు, హడావిడిగా కొనే కొత్త యంత్రాల ధర ఉంటాయి. ఇతరుల ఆర్థిక సమాచారాన్ని కాపాడవలసిన సంస్థకు మూడు నెలల నిల్వ కనీసం మాత్రమే, ఆరు నెలలు ఉండడం నా దృష్టిలో అవసరం. మీరు దాన్ని పెంచవలసిన సమయంలో సున్నా చేస్తానంటున్నారు.

ఆ నిధి గురించి మరొక మాట. బ్యాంకు లావాదేవీలకు వాడే పాస్‌వర్డ్లు, డిజిటల్ సంతకం టోకెన్, ఓటీపీ వచ్చే ఏర్పాటు అన్నీ కార్యాలయంలోని ఒకే పాత కంప్యూటరుకు ముడిపడి ఉంటే, డబ్బు ఖాతాలో ఉన్నా అవసరమైన రోజున చేతికి రాదు. కార్యాలయంలోని యంత్రాలన్నీ ఆగిపోయిన స్థితిలో కూడా ఆ ఖాతా నుంచి జీతాలు చెల్లించగలరా అని ఒకసారి నిజంగా ప్రయత్నించి చూడండి.

ఇక బీమా. సైబర్ బీమా తీసుకోవద్దని నేను అనను. కానీ అది అప్‌గ్రేడ్‌కు ప్రత్యామ్నాయం కాదు, పైగా అప్‌గ్రేడ్ చేయకపోతే ఆ బీమాకే బలం ఉండదు. మద్దతు ముగిసిన సాఫ్ట్‌వేర్ వాడుతున్నారా, సెక్యూరిటీ అప్‌డేట్లను ఎంత కాలంలో వేస్తున్నారు వంటి ప్రశ్నలు ప్రపోజల్ ఫారంలో ఉండడం పరిపాటి. నిజం రాస్తే ప్రీమియం పెరగవచ్చు, మినహాయింపులు చేర్చవచ్చు, పాలసీనే నిరాకరించవచ్చు. అబద్ధం రాస్తే క్లెయిము నాడు పాలసీ మొదటినుంచీ చెల్లదంటారు. 2022లో అమెరికాలో ట్రావెలర్స్ బీమా సంస్థ సరిగ్గా ఈ వాదనతోనే ఒక ఖాతాదారు సంస్థ మీద కోర్టుకు వెళ్లింది. లాగిన్లకు అదనపు ధ్రువీకరణ వాడుతున్నామని ఫారంలో రాసి, ఆచరణలో ఆ మేరకు వాడకపోవడమే అక్కడి వివాదం. చివరకు పాలసీ రద్దుకు ఇరుపక్షాలూ అంగీకరించాయి.

తప్పు ఏమీ రాయకపోయినా పరిహారం వెంటనే వస్తుందన్న భరోసా లేదు. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో వాడే ఒక పన్ను ఖాతాల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా మొదలై ప్రపంచమంతా పాకిన నాట్‌పెట్యా దాడిలో మెర్క్ అనే ఔషధ సంస్థ తీవ్రంగా నష్టపోయింది. అది యుద్ధ చర్య కిందికి వస్తుందంటూ బీమా సంస్థలు చెల్లింపు నిరాకరించాయి. కింది కోర్టులోనూ, 2023లో అప్పీలు కోర్టులోనూ మెర్క్ గెలిచింది, అయినా వివాదం చివరకు రాజీతో ముగిసేసరికి 2024 జనవరి వచ్చింది. ఆ స్థాయి సంస్థ ఆరేళ్లకు పైగా ఎదురుచూడగలదు, మీరు ఆరు నెలలు కూడా చూడలేరు. క్లెయిము దాఖలు చేసిన రోజుకూ డబ్బు చేతికి వచ్చే రోజుకూ మధ్య సంస్థను నిలబెట్టేది అత్యవసర నిధి ఒక్కటే. అందుకే బీమా ఉంది కదా అని ఆ నిధిని వాడేయడాన్ని నేను ఎన్నటికీ సమర్థించను.

అప్పు విషయంలో కఠినంగానే చెబుతాను. ఇంకా ఒక్క ఖాతాదారుడు కూడా లేని రెండో కార్యాలయం కోసం కుటుంబం తల దాచుకునే ఇంటిని తాకట్టు పెట్టడం విస్తరణ కాదు, జూదం. మొదటి కార్యాలయం మూడు వారాలు ఆగిపోతే, రెండింటి అద్దెనూ ఇంటి మీది వాయిదానూ దేనితో కడతారు? వ్యాపారం దెబ్బతిన్నప్పుడు ఇల్లయినా మిగలాలి, ఇల్లు చిక్కులో పడినప్పుడు వ్యాపారమైనా నడవాలి. ఆ రెండింటినీ కలిపి ముడివేయకండి. క్రెడిట్ కార్డు మీద కంప్యూటర్లు కొనాలన్న ఆలోచన కూడా మానుకోండి. ఒక్క వాయిదా తప్పినా పడే వడ్డీ, ఏటా విలువ పడిపోయే వస్తువు మీద భరించదగినది కాదు. అసలు మీకు ఏ అప్పూ అవసరం లేదన్నది నా లెక్క. నెలనెలా మిగులు ఉందని మీరే రాశారు.

ముందుగా నిజంగా ఎన్ని యంత్రాలు కొనాలో తేల్చుకోండి. విండోస్ 10 ఉన్న 7 కంప్యూటర్లలో టీపీఎం 2.0 (రహస్య తాళాలను భద్రపరిచే) చిప్, సెక్యూర్ బూట్ (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నమ్మదగని ప్రోగ్రాంలను ఆపే ఏర్పాటు), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, మద్దతు ఉన్న ప్రాసెసర్ ఉంటే వాటికి విండోస్ 11 ఉచితంగానే వస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదో తరం నుంచి ఈ మద్దతు ఉంటుంది. టీపీఎం చాలా యంత్రాల్లో ఉన్నా సెట్టింగుల్లో ఆపి ఉంటుంది కాబట్టి, లేదని తొందరపడి తీర్మానించకుండా సాంకేతిక నిపుణుడితో పరీక్షింపజేయండి. ఈ పరీక్ష పూర్తయ్యేసరికి 12 కంప్యూటర్ల ఖర్చు అనుకున్నది 6 లేదా 7 కంప్యూటర్ల ఖర్చుకు దిగవచ్చు.

విండోస్ 7 ఉన్న 5 యంత్రాలను మాత్రం ఈ వారంలోనే ఇంటర్నెట్ నుంచి, కార్యాలయ నెట్‌వర్క్ నుంచి వేరు చేయండి. బ్యాంకు పనులు, ఖాతాదారుల జీతాల వివరాలు వాటిలో దేనిలోనైనా ఉంటే ముందుగా మార్చవలసినది అదే. కొత్త యంత్రాలను నెలకు ఒకటో రెండో చొప్పున మిగులు డబ్బుతో కొనండి, ఆ కొద్ది నెలలూ మీ సొంతానికి తీసుకునే మొత్తాన్ని తగ్గించుకోండి. మార్పుకు ముందు సమాచారం మొత్తాన్ని బ్యాకప్ తీసి, ఒక ప్రతిని ఏ కంప్యూటరుకూ కలపకుండా విడిగా ఉంచండి, దాని నుంచి ఫైళ్లు తిరిగి వస్తున్నాయో లేదో కూడా చూసుకోండి. పాత ఖాతాల సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌లో నడవదన్న భయంతో ఆగిపోయేవారు ఎక్కువ. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని అడిగితే చాలా సందర్భాల్లో కొత్త వెర్షన్ దొరుకుతుంది. ఎక్కడా దొరకకపోతే నెట్‌వర్క్‌కు కలపని ఒకే ఒక్క పాత యంత్రంలో దాన్ని ఉంచండి.

వెంటనే మార్చలేని విండోస్ 10 యంత్రాలకు మైక్రోసాఫ్ట్ డబ్బు తీసుకుని అప్‌డేట్లు ఇస్తోంది. సంస్థలకు ప్రకటించిన ధర మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు అవుతుంది. మూడేళ్లూ కడితే 427 డాలర్లు, రెండో ఏడాదిలో చేరితే మొదటి ఏడాది రుసుము కూడా చెల్లించాలి. ఒక ఏడాది ఊపిరి తీసుకోవడానికి ఇది పనికొస్తుంది, మూడేళ్లు కట్టడం మాత్రం దండగ. విండోస్‌కు బదులుగా లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారడం, కంప్యూటర్లు అద్దెకు తీసుకోవడం, విండోస్ 11కు అర్హత ఉన్న పునరుద్ధరించిన కంప్యూటర్లు కొనడం వంటి మార్గాలు కూడా ఉన్నాయి, మీ సాఫ్ట్‌వేర్‌కు సరిపోతే పరిశీలించండి.

ఇకమీదట దీన్ని అనుకోని ఖర్చుగా చూడకండి. విండోస్ 10 మద్దతు ముగిసే తేదీ పదేళ్ల ముందు, అది విడుదలైన 2015లోనే తెలుసు. ముందుగా తెలిసిన ఖర్చు అత్యవసర నిధి నుంచి రాకూడదు. ఒక కంప్యూటరు అయిదేళ్లు పనిచేస్తుందనుకుంటే, 12 యంత్రాల మొత్తం విలువలో 60వ వంతును ప్రతి నెలా వేరే ఖాతాలో జమ చేయండి. విండోస్ 11 వేశాక కూడా పని పూర్తయిందనుకోవద్దు. దాని ప్రో ఎడిషన్‌లో ఏటా వచ్చే ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే మద్దతు ఉంటుంది, కాబట్టి ఆ గడువులను జీతాల తేదీల్లాగే క్యాలెండరులో రాసుకోవాలి.

బీమా ప్రపోజల్ ఫారాన్ని యంత్రాల మార్పు పూర్తయ్యాకే నింపండి. ప్రతి కంప్యూటరు పేరు, దానిలోని వెర్షన్, చివరి అప్‌డేట్ తేదీలతో ఒక జాబితాను నిపుణుడి సంతకంతో జతచేసి, నకలును కార్యాలయం బయట దాచండి. నిధి ఆరు నెలల ఖర్చులకు చేరిన తర్వాత రెండో కార్యాలయం అంచనా లెక్కలతో మళ్లీ రాయండి, ఇంటి పత్రాల ప్రసక్తి లేకుండా అది సాధ్యమా అన్నది అప్పుడు చూద్దాం.