ఐదు నిమిషాలు చూసి "బాండింగ్ లేదు" అని చెప్పేస్తారా? మా బాబు విషయంలో జరిగింది

ప్రశ్న అడిగినావిడ రాసింది ఏంటంటే, పాపకి 14 నెలలు, పగలంతా అమ్మమ్మ దగ్గరే ఉంటుంది, సాయంత్రం ఈవిడ ఆఫీసు నుంచి రాగానే మొహం తిప్పేసుకుని అమ్మమ్మ భుజం మీద వాలిపోతుంది, అది చూసి ఎవరో "నీతో అటాచ్‌మెంట్ లేదు", అంటే పాపకి నీతో మానసికంగా దగ్గరితనం లేదు అన్నారంట. అసలు సైకాలజిస్టులు ఇది ఎలా తేలుస్తారు అని అడుగుతున్నారు. నాకు ఈ విషయం మీద చాలా కోపం ఉందండి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మా బాబుకి ఏడాదిన్నర కూడా నిండకముందు సంగతి. మేముండేది గుంటూరు అరండల్‌పేటలో, మా ఆవిడ ఉద్యోగం విజయవాడలో. బాబుని మా అమ్మే చూసుకునేది, మోకాళ్ళ నొప్పులతో వాడి వెనక తిరగలేకపోతోందని మా ఆవిడ ఆఫీసుకి దగ్గర్లో, పటమట వైపు ఒక ప్లే స్కూల్ చూడ్డానికి అందరం వెళ్ళాం. స్కూల్ పేరు వద్దులెండి. ఎండలు ముదిరిన టైం, బస్సులో వెళ్ళేసరికే పిల్లాడు వడలిపోయాడు, మధ్యాహ్నం నిద్ర కూడా సగంలో లేపాం. అక్కడ కౌన్సెలర్ అని ఒకావిడ, అడ్మిషన్‌కి ముందు అటాచ్‌మెంట్ టెస్ట్ చేస్తామంది. గది నిండా బొమ్మలు, మా అమ్మ కుర్చీలో, నేను గోడ పక్కన. మా ఆవిణ్ణి బయటికి వెళ్ళమన్నారు. వాడు ఏడవలేదు. ఒక చక్రం ఊడిన బస్సు బొమ్మ దొరికితే దాన్ని నేల మీద అటూ ఇటూ తోసుకుంటూ కూర్చున్నాడు, తలుపు వైపు ఒక్కసారి చూశాడంతే. కాసేపటికి మా ఆవిడ లోపలికొచ్చి చేతులు చాపితే చూపు తిప్పేసుకుని, ఆ బస్సు పట్టుకునే తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి మా అమ్మ కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. కౌన్సెలర్ కాగితం మీద టిక్కు పెట్టి "అవాయిడెంట్ అండి, మదర్‌తో బాండింగ్ లేదు" అని (అవాయిడెంట్ అంటే తల్లిని తప్పించుకునే రకం అని) మొహం మీదే చెప్పేసి, ఆ వెంటనే బాండింగ్ సెషన్ల ప్యాకేజీ కాగితం తీసింది.

మా ఆవిడ బస్టాండ్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. బస్సు వారధి ఎక్కాక మొదలైన ఏడుపు మంగళగిరి దాటినా ఆగలేదు. పిల్లాడేమో ఆమె ఒళ్ళోనే, ఆమె చున్నీ కొస నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు. మా అమ్మ ఆపకుండా "వాడు నీ ఒళ్ళోనే కదమ్మా పడుకున్నాడు" అంటానే ఉంది.

ఆ కోపంతోనే ఈ టెస్ట్ ఎక్కడిదా అని చదవడం మొదలుపెట్టా. దీన్ని స్ట్రేంజ్ సిచ్యుయేషన్ అంటారు, మేరీ ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్ట్ తయారుచేసింది. ఆవిడ లండన్‌లో, ఈ అటాచ్‌మెంట్ సిద్ధాంతం మొదలుపెట్టిన జాన్ బౌల్బీ అనే సైకియాట్రిస్ట్ దగ్గర పనిచేసి, 1954లో ఉగాండా వెళ్ళి కంపాలా చుట్టుపక్కల ఊళ్ళల్లో తల్లుల ఇళ్ళకే వెళ్ళి కూర్చుని పిల్లల్ని గమనించింది. తర్వాత అమెరికాలో బాల్టిమోర్‌లో 26 కుటుంబాల్ని తీసుకుని, బిడ్డకి ఏడాది నిండేదాకా మూడు వారాలకోసారి వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా నాలుగేసి గంటలు కూర్చుంది ఆ టీం. ఒక్కో ఇంట్లో మొత్తం 72 గంటల దాకా! ఏడిస్తే తల్లి ఎంతసేపటికి ఎత్తుకుంటోంది, పాలు పట్టేటప్పుడు బిడ్డ ఊపుని బట్టి పడుతోందా తన తొందర కొద్దీ పడుతోందా, ఇలాంటివన్నీ రాసుకున్నారు. గదిలో చేసే 20 నిమిషాల టెస్ట్ ఆ తర్వాతది. ఎందుకు పెట్టాల్సొచ్చిందంటే, ఉగాండా పిల్లలు తల్లి పక్క గదిలోకి వెళ్ళినా వెంటపడేవాళ్ళు, బాల్టిమోర్ పిల్లలు ఇంట్లో అలా కంగారుపడేవాళ్ళు కాదు, అందుకని కొత్త గది, కొత్త మనిషి కావాల్సొచ్చింది. ఇళ్ళల్లో చూసింది వదిలేసి గదిలో చేసింది మాత్రమే పట్టుకుని తిరుగుతున్నారు ఈ కౌన్సెలర్లు, అదీ సగం.

అసలైన పద్ధతిలో ఎనిమిది ఘట్టాలు ఉంటాయి, ఒక్కోటి మూడేసి నిమిషాలు, మొదటిది ఇంకా తక్కువ. తల్లీబిడ్డా ఉంటారు, కొత్త మనిషి వస్తుంది, తల్లి వెళ్తుంది, వస్తుంది, మళ్ళీ వెళ్తుంది, ఈసారి బిడ్డ కాసేపు ఒంటరిగా, తర్వాత కొత్త మనిషి, చివర్లో మళ్ళీ తల్లి. బిడ్డ మరీ ఏడిస్తే మధ్యలోనే ఆపేస్తారు. వీడియో తీసుకుని, ట్రైనింగ్ అయినవాళ్ళు మళ్ళీ మళ్ళీ చూసి, తల్లి తిరిగొచ్చినప్పుడు బిడ్డ దగ్గరికి వస్తున్నాడా, వదలకుండా పట్టుకుంటున్నాడా, తప్పించుకుంటున్నాడా, విదిలించుకుంటున్నాడా అని ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులేస్తారు. ముఖ్యంగా చూసేది తల్లి వెళ్ళినప్పటి ఏడుపు కాదు, తల్లి వచ్చాక ఏం జరిగిందనేది. గట్టిగా ఏడ్చినవాడు అమ్మ రాగానే చల్లబడి మళ్ళీ ఆటలో పడితే సెక్యూర్, అంటే తల్లి మీద భరోసా ఉన్నట్టు, అసలు ఏడవనివాడు కూడా అమ్మని చూసి నవ్వి పలకరిస్తే సెక్యూరే. మా వాడి టెస్ట్‌లో పక్కన నాయనమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, వీడియో లేదు, రెండోసారి కలవడం అన్నదే లేదు. దాన్ని టెస్ట్ అని ఎలా అంటారండీ.

ఇంకో మాట. ఏడవని పిల్లాడికి ఏమీ పట్టలేదు అనుకోవడం కూడా శుద్ధ తప్పు. 1977లో స్రౌఫ్, వాటర్స్ అనే సైకాలజిస్టులు రాసిందాంట్లో, పైకి బొమ్మలతో ఆడుకుంటూ తల్లిని పట్టించుకోనట్టున్న పిల్లల గుండె వేగం కొలిస్తే అది పెరిగే ఉంది. జపాన్‌లో సప్పోరోలో ఇదే టెస్ట్ చేసినప్పుడు అమెరికాలో కంటే ఎక్కువమంది పిల్లలు విపరీతంగా ఏడ్చి తల్లి వచ్చినా ఊరుకోలేదు, ఎందుకంటే అక్కడ ఆ వయసు పిల్లల్ని తల్లి వదిలి వెళ్ళడమే అరుదు, గదిలో ఒంటరిగా ఉంచడం వాళ్ళకి మామూలు కంగారు కాదు. మన ఇళ్ళల్లో కథ ఇంకోలా ఉంటుంది, పుట్టిన దగ్గర్నుంచి నలుగురి చేతుల్లో తిరుగుతారు. 1964లో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పిల్లల్ని ఇళ్ళకెళ్ళి చూస్తే ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది ఒక్కరికి కాదు, ఇద్దరు ముగ్గురికి దగ్గరయ్యారు, నాన్నలు తాతలతో సహా. గ్లాస్గోలోనే అలా ఉంటే గుంటూరులో ఎలా ఉంటుందో మీరే చెప్పండి. నన్నడిగితే నాయనమ్మ ఉన్న ఇంటి పిల్లకి తల్లిని ఒక్కదాన్నే పెట్టి చేసే ఏ టెస్టూ పనికిరాదు, ఎవరొచ్చి వాదించినా నేను ఒప్పుకోను.

పాలు పట్టేవాళ్ళే అమ్మ అనే బంధువులు కూడా ఉంటారు, మాకూ ఉన్నారు. వాళ్ళకి హార్లో అనే అమెరికా సైకాలజిస్ట్ కోతి పిల్లలతో చేసిన ప్రయోగం సంగతి చెప్పండి. 1958లో, పాలసీసా ఉన్న తీగల బొమ్మ, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ పక్కపక్కన పెడితే, తాగడానికి మాత్రం తీగల దాని దగ్గరికెళ్ళి మిగతా టైమంతా గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉన్నాయి. ఇక రీల్స్‌లో "అటాచ్‌మెంట్ పేరెంటింగ్" అని, ఇరవై నాలుగ్గంటలూ ఎత్తుకునే తిరగాలి, పక్కలోనే పడుకోబెట్టాలి అని చెప్తుంటారు చూడండి, అది విలియం సియర్స్ అనే పిల్లల డాక్టర్ ప్రచారం చేసిన పెంపకం పద్ధతి, బౌల్బీ, ఐన్స్‌వర్త్ పరిశోధనలో అలా చెయ్యాలనే రూలేం లేదు. ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళని బాధపెట్టడానికి మాత్రం బాగా పనికొస్తోంది.

మీ పాప విషయానికొస్తే, సాయంత్రం గుమ్మంలో మొహం తిప్పుకోవడం ఒక్కటే చూడకండి. రోజంతా లేరని అలిగి కూడా తిప్పుకుంటారు. పడి దెబ్బ తగిలినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, రాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు ఎవర్ని వెతుక్కుంటోంది, మీరు ఎత్తుకుంటే ఊరుకుంటోందా, కొత్త చోట ఆడుకుంటూ మధ్యమధ్యలో మీరున్నారా అని వెనక్కి చూసుకుంటోందా, ఇవి కొన్ని వారాలు గమనించండి. అమ్మమ్మని కూడా వెతుక్కుంటే ఇంకా మంచిదండి, పాపకి ఇద్దరున్నారు. పొద్దున వెళ్ళేటప్పుడు ఏడుస్తుందని వెనక గుమ్మం నుంచి జారుకోకండి, చెప్పి వెళ్ళండి, ఏడ్చినా పర్లేదు. ఇంటికొచ్చిన చుట్టాలు "అమ్మ కావాలా అమ్మమ్మ కావాలా" అని పాపని మధ్యలో నిలబెట్టి అడిగి నవ్వుతారు చూశారా, అది నాకు అస్సలు నచ్చదు, మా ఇంట్లో ఆ మాట అడగొద్దని మా మేనత్తకి కూడా మొహం మీదే చెప్పేశా, మీరూ చెప్పెయ్యండి.